వెనక్కి అందని సైగ

నవంబరు పన్నెండో తారీఖు, ఆదివారం. ఆ పొద్దున మహ్రెస్‌లో బస్టాండు పక్కనున్న చిన్న కొట్టులో సైకిళ్ల మీద వచ్చిన పద్నాలుగు మందీ లబ్లాబీ తిన్నారు. ఎండు రొట్టె తుంపి గిన్నెలో వేసుకోవడం ఎవరి పని వాళ్లదే. దాని మీద వేడి శనగల పులుసు, జీలకర్ర పొడి, ఎర్రకారం ముద్ద, సగం ఉడికిన గుడ్డు కొట్టువాడు వేస్తాడు. తీజాని రొట్టెను మరీ పొడిపొడిగా తుంపుతాడని చేపలమ్మే లుత్ఫీ ఎప్పటిలాగే వెక్కిరించాడు.

"పిచ్చుకలకి పెడుతున్నావా బాబాయ్, నువ్వు తింటున్నావా?"

అందరూ నవ్వారు. నిజార్ మాత్రం తన గుడ్డును చెంచాతో సగం కోసి, మాటల మధ్యలో ఎవరూ చూడకుండా తీజాని గిన్నెలోకి జార్చాడు. లేచేముందు జేబులోంచి కాగితప్పొట్లం తీసి మూడు ఖర్జూరాలు ఆయన చేతిలో పెట్టాడు. వాళ్లమ్మ మబ్రూకా కట్టి ఇచ్చినవి.

"రెండు ఇప్పుడు తిను. ఒకటి దారిలోకి. ఉప్పుమళ్ల దగ్గరికొచ్చేసరికి నీకు కాళ్లు పీకుతాయి" అన్నాడు.

తీజాని రెండు తిని మూడోది సైకిలు చొక్కాకు నడుం వెనకుండే జేబులో వేసుకున్నాడు.

స్ఫాక్స్ నగరంలో నవ్రస్ సైకిలు సంఘానికి ఒక పద్ధతి ఉంది. వరసలో పోతున్నప్పుడు దారి కనిపించేది ముందువాడికే. మిగిలినవాళ్లకు ముందువాడి వీపు కనిపిస్తుంది. అందుకని గుంత వస్తే ముందువాడు కుడిచెయ్యి నడుం వెనక్కి పెట్టి, ఎడమకు జరగమని అటువైపు రెండుసార్లు ఊపుతాడు. వాడి వెనకవాడు అలాగే ఊపుతాడు. అలా ఆ సైగ చివరివాడి దాకా పోవాలి. చివరివాడిని 'చీపురు' అంటారు. నారింజ రంగు కోటు తొడుక్కుని, అలిసినవాళ్లనీ పంక్చరైనవాళ్లనీ ఊడ్చుకుంటూ రావడం అతని పని. ఆ పని నిజార్‌ది. అందరికన్నా నెమ్మదిగా తొక్కేవాడు గనక చీపురుకు ముందు స్థానం ఎప్పుడూ తీజానిది. మూడేళ్లుగా, అంటే భార్య జొహ్రా పోయిన మరుసటి నెల నుంచి, ఆయన ఆ చోటే తొక్కుతున్నాడు. సైగను లుత్ఫీ వీపు నుంచి తీసుకుని నిజార్‌కి అందించడం. సంఘంలో ఆయనకున్న ఉద్యోగం అంతే.

తిరుగుదారిలో నక్తా ఊరు దాటాక, వాళ్లు పోతున్న కుడి అంచున తారు లేచిపోయి జానెడు లోతు గుంత ఉంది. సైగ ముందు నుంచి వచ్చింది. లుత్ఫీ చెయ్యి ఊగడం తీజాని చూశాడు. అప్పటికే ఆయన కుడిచెయ్యి వెనక జేబులో ఉంది. ఖర్జూరం జేబు బట్టకు జిగటగా అంటుకుని రానంటోంది. లాగి నోట్లో వేసుకున్నాడు. ఎడమచేత్తో హ్యాండిల్ తిప్పి తాను గుంతను తప్పించుకున్నాడు. ఇదంతా ఒక్క ఊపిరి తీసేంత సేపు. ఆ వెంటనే వెనకాల ఒక సైకిలు చక్రం గుంతలో పడ్డ చప్పుడు, బ్రేకు కీచుమన్న చప్పుడు, ఆ తర్వాత బస్తా మీద కర్రతో కొట్టినట్టు మెత్తటి చప్పుడు.

ఆలివ్ కాయల బస్తాలూ నిచ్చెనలూ వేసుకున్న పికప్ బండి ఒకటి సరిగ్గా అప్పుడే వాళ్లను దాటబోతోంది. నిజార్ గుంతలోంచి ఎగిరి దాని ముందు చక్రం మీద పడ్డాడు.

బండివాడు పారిపోలేదు. అమ్మార్ అని, లోపలి పల్లెల మనిషి. దిగి, తన ఉన్ని అంగీ విప్పి బస్తాల మీద పరిచి, నిజార్‌ని పసిపిల్లవాణ్ణి ఎత్తినట్టు ఎత్తి పడుకోబెట్టాడు. తీజాని ఎక్కి అతని తల ఒళ్లో పెట్టుకున్నాడు. ఆసుపత్రి దాకా ఇరవై కిలోమీటర్లు. స్పీడు బ్రేకరు వచ్చిన ప్రతిచోటా అమ్మార్ బండిని దాదాపు ఆపి, పాకినట్టు దాటించాడు. అంత కంగారులోనూ ఒక్కటి కూడా మరిచిపోలేదు. ఎక్కడో ఉప్పుమళ్ల దగ్గర తీజానికి దవడలో గట్టిగా ఏదో తగిలింది. ఖర్జూరం గింజ. పండు ఎప్పుడు మింగాడో ఆయనకు తెలియదు.

ఆసుపత్రి గుమ్మం దగ్గర అమ్మార్ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "ఒక్కసారిగా ఇటొచ్చి పడ్డాడు పెద్దాయనా. నువ్వు చూశావుగా" అన్నాడు. తీజాని మోచెయ్యి విడిపించుకుని లోపలికి నడిచాడు. సాయంత్రం పోలీసులు అడిగినప్పుడు ముందున్న పన్నెండు మందీ బండి మీదికొచ్చిందని రాయించారు. వాళ్లలో ఎవరూ వెనక్కి చూసినవాళ్లు కారు. పదమూడో సంతకం తీజానిది.

*

నిజార్ పోయిన నలభయ్యో నాటి కార్యాన్ని సంఘం ఆదివారానికి పెట్టుకుంది. ఆ ముందు బుధవారం తీజాని సంఘం గదిలో కూర్చుని ఒక పాత సైకిలుకు ఉప్పుకాగితం పడుతున్నాడు. నిజార్ సైకిలు పోలీసుల దగ్గరే ఉండిపోయింది. అందుకని తుక్కులో దొరికిన దాన్ని తెచ్చి, అతని గుర్తుగా తెల్లరంగు వేసి, గుంత ఉన్న చోట స్తంభానికి కట్టాలని అనుకున్నారు. ముందు చైను విప్పాడు. చువ్వల సందుల్లో తుప్పును పాత పళ్లబ్రష్షుతో రాల్చాడు. బెల్లుకు రంగు అంటకుండా కాగితం చుట్టాడు. ఎందుకు చుట్టాడో ఆయనకే తెలియదు. ఆ బెల్లు ఇక ఎవరూ కొట్టరు.

గోడకు కొక్కేల మీద పన్నెండు చిన్న సైకిళ్లు వేలాడుతున్నాయి. శనివారం మధ్యాహ్నాలు పేటలోని పిల్లలకు నిజార్ నేర్పేవాడు. నలభై రోజులుగా ఎవరూ గాలి కొట్టక టైర్లన్నీ అణిగిపోయాయి. లుత్ఫీ వాటిలో ఒకదాన్ని దించి ట్యూబు నీళ్ల బకెట్టులో ముంచి చూస్తున్నాడు. చేపలు అమ్ముడయ్యాక వస్తాడు గనక అతను ఉన్నంతసేపూ గదంతా నీచు వాసన. నిజార్ ఉన్నప్పుడు దాని మీద జోకులుండేవి.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్లలేదేమని లుత్ఫీ అడిగితే మబ్రూకా గిన్నె పంపిందని తీజాని చెప్పాడు. కొడుకు తల చివరిదాకా ఒళ్లో పెట్టుకున్న మనిషి అని ఆవిడ వారానికి రెండుసార్లు ఒంటరివాడికి గిన్నె పంపుతోంది. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు గనక ఆయన బాదంపప్పో నిమ్మకాయలో వేసి తిరిగిస్తున్నాడు.

గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. ముదురు ఎరుపు నేత గుడ్డ కప్పుకున్న పల్లెటూరి ఆడమనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. చెప్పులు బయటే విడిచింది.

"నిజార్ గారి సామాను ఇక్కడ ఇవ్వచ్చా?" అని అడిగింది.

సంచిలోంచి నీలం రంగు నీళ్ల సీసా తీసింది. సైకిలుకు తగిలించుకునేది. తాను అమ్మార్ భార్యననీ పేరు జాజియా అనీ చెప్పింది. పోలీసులు బండి వదిలారు. అమ్మేద్దామని కడుగుతుంటే నిచ్చెన కింద ఇది దొరికింది.

"ఇందులో సగం నీళ్లున్నాయి. ఉంచాలో పారబొయ్యాలో తెలియలేదు. రెండు రోజులు ఉంచి, మొక్కకి పోశాను. తప్పైతే ఏమనుకోకండి."

లుత్ఫీ తడిచేతులు తుడుచుకోకుండానే లేచాడు. "ఇది తెచ్చిస్తే కోర్టులో శిక్ష తగ్గుతుందని చెప్పారా మీవాళ్లు?"

"లేదు తమ్ముడూ. మా వస్తువు కాదు కదా అని తెచ్చాను."

లుత్ఫీ మళ్లీ బకెట్టు దగ్గర కూర్చున్నాడు. ఆవిడ తీజాని వైపు తిరిగింది.

"బండిలో కూర్చున్న పెద్దాయన మీరేనా? తెల్ల మీసాలని మా ఆయన చెప్పాడు. ప్రతి వారం జైలుకి చూడ్డానికి వెళ్తే మీ మాటే అడుగుతాడు. పెద్దాయన చూశాడు, ఆయన ఏమన్నా చెప్పాడా అని. ఇంకా లేదంటాను. ముసలాయన కదా, దుఃఖంలో ఉన్నాడు, కుదురుకోనీ అంటాడు. విచారణ మంగళవారం."

అడగడం లేదు. నిందించడమూ లేదు. చెప్పవలసింది చెప్పి, సీసాను బల్ల మీద, రంగు డబ్బాల పక్కన, నేరుగా నిలబెట్టి వెళ్లిపోయింది. తీజాని చేతిలో ఉప్పుకాగితం రెండుగా చినిగింది.

బకెట్టులో ట్యూబు నుంచి బుడగలు లేస్తున్నాయి. లుత్ఫీ వాటిని చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"బాబాయ్, ఒక మాట అడుగుతాను. ఆ రోజు నేను చెయ్యి ఊపానా?"

"అదేం ప్రశ్న?"

"ఊపాననే అనుకుంటున్నాను. కానీ పడుకుంటే ఊపనట్టు కనిపిస్తోంది. నేను ఊపి ఉంటే నువ్వు ఊపేవాడివి, నువ్వు ఊపితే వాడికి తెలిసేది. నా దగ్గరే ఆగిపోయిందేమో." ట్యూబును నీళ్లలోంచి తీసి పిండాడు. "నా పెళ్లాం చేపల కత్తి నా చేతికివ్వడానికి కూడా భయపడుతోంది ఈ మధ్య."

తీజాని నోరు తెరిచాడు. "ఊపావు. నేను చూశాను" అన్నాడు. అంతవరకే వచ్చింది. ఆ తర్వాతి మాట రాలేదు. లుత్ఫీ మొహంలోకి రక్తం తిరిగి రావడం చూస్తూ కూర్చున్నాడు. చూసినవాడు తీజాని అయితే, ఊపనివాడు ఎవరన్నది లుత్ఫీకి తట్టలేదు. లేదా తట్టినా, పెద్దవాడి మీద గౌరవంతో దాన్ని పక్కకు నెట్టేశాడు.

*

మర్నాడు తీజాని సంఘం అధ్యక్షుడు శుక్రి దగ్గరికెళ్లాడు. శుక్రికి బజారులో రంగుల కొట్టు ఉంది. యాభై ఏళ్ల మనిషి, మంచివాడు. మంచం పట్టిన ముసలివాళ్ల మందులు సైకిళ్ల మీద ఇల్లిల్లూ తిరిగి అందించే ఏర్పాటు అతని ఆలోచనే. పల్లె బడుల పిల్లల సైకిళ్లు ఏడాదికోసారి ఉచితంగా బాగుచేయించేదీ అతనే. తీజాని వెళ్లేసరికి ఎవరింటికో నీలం కలుపుతున్నాడు. కర్రతో తిప్పడం, గోడ మీద చిన్న గీత గీసి ఆరేదాకా చూడడం, మళ్లీ ఒక చుక్క నలుపు.

తీజాని నిలబడే చెప్పాడు. సైగ, జేబు, ఖర్జూరం. ఏదీ దాచలేదు. శుక్రి కర్ర తిప్పడం ఆపలేదు గానీ నెమ్మదించాడు.

"అన్నా, నువ్వు సైగ ఇచ్చి ఉంటే వాడు బతికేవాడని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరి?"

"ఇవ్వలేదని మాత్రం నాకు తెలుసు."

శుక్రి డబ్బా మూతపెట్టి, ఆయనకు పీట వేసి, ఎదురుగా తాను కింద కూర్చున్నాడు. ఆ రోడ్డు మీద సైకిళ్లకు వేరే దారి వెయ్యమని అయిదేళ్లు తిరిగిన సంగతి చెప్పుకొచ్చాడు. ఎన్ని అర్జీలు, ఎన్ని మెట్లు. ఎవరూ మొహం చూడలేదు. ఇప్పుడొక కుర్రవాడు బండి కింద పడి పోయాడు గనక ఆదివారం ప్రభుత్వం నుంచి పెద్దమనిషి వచ్చి ఆ దారికి పునాదిరాయి వెయ్యబోతున్నాడు.

"ఇప్పుడు వెళ్లి, బండివాడి తప్పు లేదు, మా వాళ్లే సైగ మరిచారు అంటే ఏమంటారు? అయితే ముందు తొక్కడం నేర్చుకోండి, దారి తర్వాత చూద్దాం అంటారు. రోజూ ఆ అంచునే నూట ఇరవై మంది పిల్లలు బడికెళ్తున్నారు. అమ్మార్ ఒక్కడు. ఆలోచించు."

"అతనికీ బడికెళ్లే పిల్లలుంటారు శుక్రీ."

"ఉంటారు." శుక్రి కళ్లు తుడుచుకున్నాడు. నటన కాదు. "ఉంటారు అన్నా. నేనేం చెయ్యను? ఆ తల్లికి ఏం చెప్తావు? నీ కొడుకు నా నోట్లో ఖర్జూరం వల్ల పోయాడని చెప్తావా? ఆవిడ ఆ బండివాణ్ణి తిట్టుకుంటూ బతుకుతోంది. అది కూడా తీసేస్తావా?"

ఆదివారం కానిచ్చి తర్వాత నీ ఇష్టం అన్నాడు. తీజాని లేచాడు. వెళ్లేటప్పుడు శుక్రి మంచి రకం తెల్లరంగు డబ్బా ఆయన సంచిలో పెట్టి, బరువని బజారు చివరి దాకా తానే మోసుకొచ్చాడు.

*

శనివారం పొద్దున ఆయన షేరు టాక్సీలో మహ్రెస్ పోలీసు స్టేషనుకు వెళ్లాడు. అధికారి చిన్నవాడు. తీజాని బడిపంతులుగా ఉన్నప్పుడు ఆయన దగ్గర చదువుకున్నవాడికి బంధువట. అందుకని కుర్చీ వేసి కాఫీ తెప్పించాడు. అంతా విన్నాడు. తర్వాత ఫైలు తీసి, ఆ రోజు గీసిన పటం ఆయన ముందు పెట్టాడు. అందులో రోడ్డుంది, బండి ఉంది, సైకిలుంది. గుంత లేదు.

గుంత ఉందని తీజాని అన్నాడు. పదమూడు మంది సంతకాల్లో ఎవరూ గుంత మాట ఎత్తలేదని, ఆయన కూడా ఎత్తలేదని అధికారి మర్యాదగా గుర్తుచేశాడు. నలభై రోజుల తర్వాత ఒక్కరే వచ్చి మాట మారిస్తే, బండివాడి తరఫువాళ్లు మీ ఇంటికి ఏం పంపారని అవతలి వకీలు అడుగుతాడన్నాడు. వాళ్లావిడ సంఘానికి వచ్చిందట కదా, అది కూడా అడుగుతాడు. మీ అధ్యక్షుణ్ణి, కనీసం ఇంకో సాక్షిని వెంటబెట్టుకు రండి, అప్పుడు చూద్దాం. చెయ్యి ఊపడం, ఊపకపోవడం చట్టంలో ఎక్కడ రాయాలో కూడా తనకు తెలియదన్నాడు. ఆ చివరి మాట వెక్కిరింతగా అనలేదు. నిజంగానే తెలియక అన్నాడు.

కాఫీలో చక్కెర సరిగ్గా ఉంది. అది గమనించినందుకు ఆయనకు తన మీద అసహ్యం వేసింది.

గుంతను ఎవరికైనా చూపించవచ్చని, ఫోటో తీయించవచ్చని తిరుగుదారిలో తట్టింది. టాక్సీవాణ్ణి నక్తా దాటాక దించమన్నాడు. దూరం నుంచే పొగ కనిపించింది. నలుగురు పనివాళ్లు వేడి తారు పోసి గుంతను పూడుస్తున్నారు. రోలరు ముందుకూ వెనక్కూ తిరుగుతోంది. తీజాని అంచున నిలబడి చూశాడు. ఏం చెప్పాలి వాళ్లకు? ఆపమనా?

పార పట్టుకున్న ముసలి పనివాడు ఆయన్ను చూసి, "రేపు పెద్దలొస్తున్నారు హాజీ. ఇన్నేళ్లూ లేదు గానీ ఇవాళ ఒక్క పూటలో కావాలట" అని నవ్వాడు. తర్వాత ఆయన మొహం చూసి నవ్వు మానేశాడు. "కొంచెం వెనక్కి జరుగు. చెప్పులు అంటుకుంటాయి."

తీజాని జరిగాడు. రోలరు చివరిసారి దాటాక అక్కడ గుంత ఉండేదని కన్నతల్లి వచ్చి చెప్పినా ఎవరూ నమ్మరు. రోడ్డంతటిలోకీ నున్నటి చోటు అదే.

*

ఆదివారం ఊరి నలుమూలల నుంచీ, మహ్రెస్ నుంచీ కూడా వచ్చి అరవై సైకిళ్లయ్యాయి. పిల్లలు కూడా వచ్చారు, చిన్న సైకిళ్ల మీద, లుత్ఫీ గాలి కొట్టిన టైర్లతో. నారింజ కోటు ఎవరు తొడుక్కోవాలన్న మాట వస్తే అందరూ తీజాని పేరే చెప్పారు. మబ్రూకా దాన్ని ఉతికి, తెగిన అంచు కుట్టి పంపింది. ఆయన తొడుక్కుంటే సబ్బు వాసన వచ్చింది. భుజాల దగ్గర వదులుగా ఉంది.

పునాదిరాయి వేశారు. పెద్దమనిషి మాట్లాడాడు. నిర్లక్ష్యంగా బండ్లు నడిపేవాళ్లను వదలబోమన్నాడు. శుక్రి కాగితం చూసి చదువుతూ మధ్యలో ఆగి, తీజాని వైపు ఒక్కసారి చూసి, మిగిలింది గబగబా చదివేశాడు. తెల్ల సైకిలును స్తంభానికి గొలుసుతో కట్టారు. బెల్లు మాత్రం వెండిలా మెరుస్తోంది. పిల్లవాడొకడు మునివేళ్ల మీద లేచి దాన్ని ఒకసారి మోగించాడు. ఎవరూ కోప్పడలేదు.

తర్వాత వరస కట్టి ఊరివైపు బయలుదేరారు. అందరికన్నా ముందున్న శుక్రి, ఆ నున్నటి చోటుకు వచ్చేసరికి, ముందుగా ఏమీ అనుకోకుండానే కుడిచెయ్యి నడుం వెనక్కి పెట్టి ఎడమకు రెండుసార్లు ఊపాడు. వెనకవాడు ఊపాడు. అతని వెనకవాడు. అక్కడ గుంత లేదు. అయినా అరవై మందీ, పిల్లలతో సహా, ఒకరి తర్వాత ఒకరు ఆ లేని గుంతను తప్పించుకున్నారు. సైగ అంతదూరం నుంచి తనవైపు రావడం తీజాని చూశాడు. లుత్ఫీ చెయ్యి పెద్దగా, రెండుకు మూడుసార్లు ఊపాడు.

తీజాని చెయ్యి నడుం వెనక్కి పెట్టాడు. రెండుసార్లు ఊపాడు. వెనక ఎవరూ లేరు.

*

మబ్రూకా ఇంట్లో ఖురాన్ చదవడం అయ్యింది. గోధుమరవ్వ కుస్కుసు, గొర్రెమాంసం వడ్డించడం అయ్యింది. పొద్దు వాలేసరికి జనం పలచబడ్డారు. బంధువులు మిగిలిన కూరను చిన్న చిన్న గిన్నెల్లో సర్ది, వెళ్తున్నవాళ్ల చేతుల్లో పెడుతున్నారు. నలభయ్యో నాడు ఆ ఇంటి నుంచి ఎవరూ ఖాళీ చేతులతో పోకూడదు. తీజాని వాకిట్లో కుళాయి దగ్గర కూర్చుని పెద్ద పళ్లాలు తోమాడు. ఆడవాళ్లు వద్దన్నా వినలేదు. తోమడం అయిపోయాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"లే అన్నయ్యా. మోకాళ్లు పట్టుకుంటాయి నీకు" అంటూ మబ్రూకా తువ్వాలు తెచ్చింది. చివరి బంధువును పంపించి వచ్చి ఎదురు అరుగు మీద కూర్చుంది. రోజంతా నిలబడి ఉన్న మనిషి. కాళ్లు ఒకదాన్ని ఒకటి రుద్దుకుంటోంది. "బాగా జరిగింది. వాడు చూస్తే సిగ్గుపడేవాడు, ఇంత హడావిడి ఎందుకని. ఆ బండివాడికి కూడా ఎల్లుండి అయిపోతే, ఇంక నేను పడుకుంటాను."

తీజాని తువ్వాలు మడతపెట్టాడు. మళ్లీ విప్పాడు.

"చెల్లెమ్మా, ఆ బండివాడి తప్పు లేదు."

చెప్పాడు. శుక్రికి చెప్పినప్పటికన్నా తక్కువ మాటల్లో అయిపోయింది. చెప్తున్నంతసేపూ ఆవిడ పాదాల వైపే చూశాడు. అవి రుద్దుకోవడం ఆగిపోయాయి. వీధిలో ఎవరో మోటారు సైకిలు తన్నుతున్నారు. అది అంటుకోవడం లేదు. నాలుగైదుసార్లు తన్నాక అంటుకుని వెళ్లిపోయింది.

"ఆ ఖర్జూరం తిన్నావా?" అంది మబ్రూకా.

"తిన్నాను."

"బాగుందా?"

ఆవిడ నిజంగానే అడుగుతోంది. "రుచి తెలియలేదు. ఎప్పుడు మింగానో కూడా. బండిలో వాడి తల నా ఒళ్లో ఉన్నప్పుడు గింజ దవడలో తగిలింది." జేబులోంచి జేబురుమాలు తీసి విప్పాడు. గింజ ఎండి, గీతలు తేలి, చిన్న పడవలా ఉంది.

ఆవిడ చెయ్యి చాపింది. భోజనాల దగ్గర పిల్లల పళ్లాల్లోంచి గింజలు ఏరుకునే ఆడవాళ్లు చాపినట్టే చాపింది. ఆయన దాన్ని ఆ అరచేతిలో పెట్టాడు. ఆవిడ గుప్పిట మూసుకుంది.

"ఆ బండివాడి భార్య ఇక్కడికి కూడా వచ్చింది. కిందటి వారం. నేను తలుపు తియ్యలేదు. చాలాసేపు నిలబడింది. కిటికీ సందులోంచి చూస్తూనే ఉన్నాను. ఎండలో నిలబడనిచ్చాను" అంది.

తీజాని ఖాళీ జేబురుమాలును జేబులో పెట్టుకున్నాడు.

"ఎల్లుండి నేను కోర్టుకి వస్తాను. అతని మీద నాకేమీ లేదని రాసిస్తాను. మీరు కూడా వచ్చి ఈ మాట అక్కడ చెప్పండి. నమ్మితే నమ్ముతారు, లేకపోతే లేదు. నేను పక్కన నిలబడతాను."

మీరు. ఆ మాట ఆయనకు వినిపించింది. మళ్లీ వినిపిస్తుందేమోనని ఆగాడు. "వస్తానమ్మా" అన్నాడు. చెల్లెమ్మా అనడానికి నోరు రాలేదు.

ఆవిడ లేచి లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో మూత పెట్టిన గిన్నె ఉంది. ఎప్పుడూ పంపేదే, అంచు మీద నీలం గీత ఉన్నది. అడుగు వేడిగా ఉందని కింద గుడ్డ మడతపెట్టి ఇచ్చింది.

"ఇవాళ ఈ ఇంటి నుంచి ఎవరూ ఖాళీ చేతులతో పోకూడదు" అంది. గుమ్మం దాకా వచ్చి, ఆయన మెట్టు దిగాక, "గిన్నె తిరిగి ఇవ్వక్కర్లేదు, తీజాని గారూ" అంది.

ఆయన సైకిలు గోడకు ఆనించి ఉంది. గిన్నెను ముందు బుట్టలో, ఒలక్కుండా, నారింజ కోటు విప్పి దాని చుట్టూ సర్ది పెట్టాడు. ఆ కోటును ఆవిడకే ఇచ్చేయాలేమోనని ఒకసారి వెనక్కి తిరిగాడు. అడగడానికి ధైర్యం చాలలేదు. సన్నగా చీకటి పడుతోంది. లైటు వెయ్యబోతే స్విచ్చు జారింది, వేళ్లు పళ్లాల నీళ్లకు ముడతలు పడి ఉన్నాయి. రెండోసారికి వెలిగింది.

లైటు వెలిగేదాకా మబ్రూకా గుమ్మంలోనే ఆగింది. ఆ తర్వాత, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి గడియ పెట్టుకుంది.